ఇంటి తయారీ గాలిమర: గుంటూరు, ప్రకాశం మైదానాలు

వాడి పక్కన పడేసిన మోటార్లు, పైపులు, బేరింగులు, బ్యాటరీలను జతచేసి, గాలి తోపుతో కరెంటు పుట్టించేలా ఇంట్లోనో ఊరి లేత్ షాపులోనో తయారుచేసుకునే చిన్న యంత్రం ఇంటి తయారీ గాలిమర. దీని రెక్కలు తిరిగే వలయం వ్యాసం సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర మీటర్లు. రాబడి కొన్ని వాట్ల నుంచి, గాలి బాగా వీచినప్పుడు, రెండు మూడు వందల వాట్ల దాకా ఉంటుంది. ఊరి కరెంటు లైనుతో దీన్ని కలపరు. 12 లేదా 24 వోల్టుల బ్యాటరీని చార్జి చేసి, ఆ బ్యాటరీ నుంచి దీపం, ఫోను, చిన్న పంపు వంటివి నడుపుకుంటారు. నీళ్లు తోడే గాలిమర దీనికి దగ్గరి బంధువే గాని, అది గాలి బలాన్ని కరెంటుగా మార్చకుండా నేరుగా పంపు కడ్డీకి అందిస్తుంది.

ఈ వ్యాసం ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఈ నేలలో కొంత భాగం పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లింది.

ప్రాంతం, గాలి

సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు, మార్టూరు, ఇంకొల్లు, అద్దంకి, దర్శి చుట్టుపక్కల నేల చాలావరకు నల్లరేగడి. పత్తి నడుము ఎత్తుకు, మహా అయితే ఛాతీ ఎత్తుకు పెరుగుతుంది. మిరప అంతకంటే పొట్టి. పైరు గాలికి పెద్దగా అడ్డు రాదు. అడ్డు వచ్చేవి గట్ల మీది తుమ్మ, వేప చెట్లు, ప్రకాశం వైపు విస్తారంగా వేసిన సుబాబుల్, జామాయిల్ తోటలు. వీటి వెనక గాలి సుడులు తిరుగుతుంది. సుళ్లలో పెట్టిన రెక్కలు తిరిగినట్టే కనిపిస్తాయి, బ్యాటరీ మాత్రం నిండదు.

ఏడాదిలో గాలి తీరు మూడు రకాలుగా ఉంటుంది. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పగటిపూట పడమటి నుంచి వడగాలి వీస్తుంది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె ప్రవేశించాక నైరుతి రుతుపవనాల పడమటి గాలి నిలదొక్కుకుని ఆగస్టు దాకా సాగుతుంది. ఇదే గాలిమరకు అసలైన సీజను. సెప్టెంబరు నుంచి గాలి తగ్గుతుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోపాటు వాయుగుండాలు, తుపానులు వస్తాయి. లోపలి మండలాల్లో చలికాలపు రాత్రులు చాలావరకు నిశ్చలంగా ఉంటాయి. బాపట్ల, చీరాల, వేటపాలెం, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల పరిస్థితి వేరు. అక్కడ ఎండ ఎక్కిన మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి మొదలై చీకటిపడే దాకా వీస్తుంది కాబట్టి, ఏడాదిలో ఎక్కువ రోజులు కొన్ని గంటల పని దొరుకుతుంది.

రాయలసీమ కొండల మీద పెద్ద గాలిమరలు వరుసలుగా నిలబడి ఉన్నా, ఈ మైదానాల్లో లేకపోవడానికి కారణం గాలి వేగమే. అనంతపురం ప్రాంతంలోని రామగిరి, కదిరి, నెల్లూరు దగ్గరి నరసింహకొండ వంటి తావుల్లో ఎత్తు, కొండల అమరిక గాలికి సాయపడతాయి. పత్తి చేలో, పది మీటర్ల ఎత్తులో ఇంటి గాలిమర పెట్టేవారు సగటున సెకనుకు 3 నుంచి 4 మీటర్ల గాలినే లెక్కలోకి తీసుకోవడం క్షేమం. దుకాణంలో కొనే చిన్న గాలిమరల మీద రాసి ఉండే వాట్లు సాధారణంగా సెకనుకు 10 నుంచి 12 మీటర్ల గాలికి, అంటే గంటకు 36 నుంచి 43 కిలోమీటర్ల గాలికి చెప్పినవి. అలాంటి గాలి ఇక్కడ తుపాను రోజుల్లో, ఈదురుగాలి లేచిన కాసేపు మాత్రమే ఉంటుంది.

చరిత్ర

గాలితో కరెంటు పుట్టించిన తొలి యంత్రాలు ఒక విధంగా ఇంటి తయారీవే. 1887లో స్కాట్లండులోని మేరీకర్క్ గ్రామంలో జేమ్స్ బ్లైత్ గుడ్డ రెక్కల గాలిమరతో బ్యాటరీలను నింపి తన కుటీరంలో దీపాలు వెలిగించాడు. మరుసటి ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన పెరట్లో 17 మీటర్ల వ్యాసం, 144 చెక్క రెక్కలు ఉన్న పెద్ద చక్రాన్ని నిలబెట్టాడు. దాని రాబడి 12 కిలోవాట్లు. 1891 నుంచి డెన్మార్క్‌లోని అస్కోవ్‌లో ప్రయోగాలు చేసిన పౌల్ లా కూర్, కరెంటు కోసమైతే తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే చక్రమే మేలని తేల్చాడు. నేటి మూడు రెక్కల రూపానికి మూలం అక్కడుంది.

1920, 30లలో అమెరికా పల్లెల్లో కరెంటు లైన్లు లేని రైతులు రేడియో బ్యాటరీ నింపుకోవడానికి పాత కారు డైనమోకు చెక్క రెక్క బిగించేవారు. మోంటానాలో జేకబ్స్ సోదరులు దీన్నే గట్టి యంత్రంగా మలిచి అమ్మారు. 1936 గ్రామీణ విద్యుదీకరణ చట్టం తర్వాత లైన్లు చేరిన కొద్దీ ఆ గాలిమరలు మూలపడ్డాయి. 1970ల నుంచి స్కాట్లండులో కరెంటు లైను లేని స్కొరెయిగ్ ద్వీపకల్పంలో ఉంటున్న హ్యూ పిగాట్, పాత వాహనాల బ్రేక్ డ్రమ్ములు, హబ్బులతో చేసిన నమూనాలను పుస్తకాలుగా ప్రచురించాడు. నేడు ప్రపంచంలో ఇంటి గాలిమర కట్టేవారిలో చాలామంది ఆయన పద్ధతి నుంచే మొదలుపెడతారు.

పాత సామాను గాలిమరకు ప్రపంచప్రసిద్ధి తెచ్చింది ఆఫ్రికాలోని మలావీ దేశపు విలియం కమ్‌క్వాంబా. 2001–02 కరవులో ఫీజు కట్టలేక బడి మానేసిన ఈ కుర్రవాడు, గ్రంథాలయంలోని ఒక విజ్ఞాన పుస్తకం బొమ్మలు చూసి, సైకిల్ చట్రం, ట్రాక్టరు ఫ్యాను, షాక్ అబ్జార్బరు, వేడిచేసి చదును చేసిన పీవీసీ పైపు, సైకిల్ డైనమోతో గాలిమర కట్టాడు. దాని స్తంభం ప్రకాశం జిల్లా రైతుకు బాగా తెలిసిన జామాయిల్ జాతి కర్రలే. ఆయన కథ 2009లో పుస్తకంగా, 2019లో సినిమాగా వచ్చింది.

భారతదేశంలో 1960లలో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల నీళ్లు తోడే గాలిమరలను రూపొందించింది. అస్సాంకు చెందిన మెహతర్ హుస్సేన్, ముస్తాక్ అహ్మద్ సోదరులు వెదురుతో, పాత సామానుతో వరి పొలానికి చేసిన చవక గాలిమరను నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గుర్తించింది; అది తర్వాత గుజరాత్ ఉప్పుమళ్లకు చేరింది. ఈ రెండూ నీటి గాలిమరలే, కరెంటువి కావు.

తెలుగు పల్లెలో గాలి బలాన్ని వాడుకునే అలవాటు పాతదే. కల్లంలో ధాన్యాన్ని గాలికి తూర్పారబట్టడం అందులో ఒకటి. ఇంటి గాలిమరకు అందరికంటే దగ్గరి ముందుతరం మాత్రం పొలాల్లో కనిపించే చప్పుడు యంత్రం. పాత టేబుల్ ఫ్యాను రెక్కలను సైకిల్ హబ్బుకో బేరింగుకో బిగించి, వెనక ఇరుసుకు నట్లు, చిన్న గొలుసులు వేలాడదీసి, అవి తిరుగుతూ స్టీలు పళ్లేన్ని కొట్టేలా కర్ర మీద నిలబెడతారు. పిట్టలను, అడవి పందులను తోలడానికి తెలుగు రాష్ట్రాల్లో అనేక చోట్ల రైతులు సొంతంగా చేసుకున్నదిది. రెక్క, ఇరుసు, గాలివైపు తిప్పే తోక అన్నీ ఇందులోనే ఉన్నాయి. లేనిది జనరేటరు ఒక్కటే.

పనిచేసే తీరు

గాలిలోని శక్తి మూడు విషయాల మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, రెక్కలు తిరిగే వలయం వైశాల్యం, గాలి వేగం. వైశాల్యం రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1920లో ప్రచురించిన సూత్రం ప్రకారం ఎంత గొప్ప చక్రమైనా ఈ శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదు. పైపు రెక్కలు, పాత మోటారు, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల నష్టాలు పోను ఇంటి గాలిమర చేతికి అందించేది 20 శాతం అనుకోవచ్చు.

ఒకటిన్నర మీటర్ల వ్యాసం ఉన్న చక్రానికి వైశాల్యం 1.77 చదరపు మీటర్లు. ఇక్కడి వేడి గాలికి ఘనపు మీటరుకు 1.15 కిలోల సాంద్రత తీసుకుంటే, సెకనుకు 3 మీటర్ల గాలిలో చేతికొచ్చేది 5 వాట్లు, 4 మీటర్ల గాలిలో 13 వాట్లు, 5 మీటర్లకు 25 వాట్లు, 8 మీటర్లకు 100 వాట్లు. మే, జూన్ నెలల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి లేచిన ఒక్క గంటలో వచ్చే కరెంటు, సెకనుకు 4 మీటర్ల మంద్రమైన గాలిలో సుమారు తొమ్మిది గంటలకు వచ్చేదానితో సమానం.

దీనితో బోరు మోటారు నడపవచ్చా అన్న ప్రశ్నకూ ఈ లెక్కే జవాబిస్తుంది. 5 హార్స్‌పవరు మోటారుకు ఇరుసు దగ్గరే 3,730 వాట్లు కావాలి. సెకనుకు 5 మీటర్ల గాలిలో, 20 శాతం రాబడితో దాన్ని నేరుగా నడపాలంటే రెక్కల వలయం వ్యాసం 18 మీటర్లు ఉండాలి. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇస్తున్న రాష్ట్రంలో ఆ ప్రయత్నానికి అర్థం కూడా లేదు.

జనరేటరు: ఏ పాత మోటారు పనికొస్తుంది

ఇంటి గాలిమర నిలబడేదీ కూలబడేదీ ఇక్కడే. మూడు రెక్కల చక్రం కొస, గాలి కంటే సుమారు ఐదు రెట్ల వేగంతో తిరుగుతుంది. ఆ లెక్కన ఒకటిన్నర మీటర్ల చక్రం సెకనుకు 4 మీటర్ల గాలిలో నిమిషానికి 250 చుట్లు తిరుగుతుంది. ఆ నిదానపు వేగంలోనే బ్యాటరీ వోల్టేజీని దాటేంత వోల్టేజీ పుట్టాలి. 12 వోల్టుల బ్యాటరీలోకి చార్జి ఎక్కడానికి డయోడ్ల నష్టంతో కలిపి 14 వోల్టులకు పైగా కావాలి. అంతకంటే ఒక వోల్టు తగ్గినా రెక్కలు ఎంతసేపు తిరిగినా బ్యాటరీలోకి ఏమీ చేరదు.

పాత ఇనుప సామాన్ల కొట్లో అన్నిటికంటే సులువుగా దొరికేది కారు, ట్రాక్టరు ఆల్టర్నేటరు. చాలామంది మొదట దీన్నే తెస్తారు. ఇది ఇంజిను బెల్టు మీద నిమిషానికి వేల చుట్లు తిరగడానికి చేసినది. వెయ్యి చుట్లకు లోపు పెద్దగా ఏమీ ఇవ్వదు. పైగా దీనిలో శాశ్వత అయస్కాంతం ఉండదు, క్షేత్రం పుట్టించడానికే బ్యాటరీ నుంచి కరెంటు తాగుతుంది. గేరో బెల్టో పెట్టి వేగం పెంచితే మంద్రమైన గాలిలో రాపిడికే బలమంతా పోతుంది.

మోటారుసైకిల్ మాగ్నెటోలో శాశ్వత అయస్కాంతం ఉంది. దాని చిక్కు వేరు. ఇంజిను ఐడిల్‌లో ఉండే సుమారు 1,400 చుట్ల వేగంలో 14 వోల్టులు ఇచ్చే కాయిల్, 250 చుట్లకు ఇచ్చేది రెండున్నర వోల్టులే. వోల్టేజీ సరిపోవాలంటే కాయిల్‌లో చుట్లు ఐదున్నర రెట్లు పెంచాలి. అదే గాడిలో అన్ని చుట్లు పట్టాలంటే తీగ అంత సన్నబడాలి. తీగ పొడవు పెరిగి, మందం తగ్గి, నిరోధం ముప్పై రెట్లు పెరుగుతుంది. దీపం వెలుగుతుంది గాని ఎక్కువ కరెంటు రాదు. సైకిల్ డైనమో ఇంకా చిన్నది. 6 వోల్టులు, 3 వాట్ల రకం పిల్లల ప్రయోగానికి సరిపోతుంది.

సీలింగ్ ఫ్యాను మోటారు చిక్కు మాగ్నెటోకు తలకిందులు. ఇది నిమిషానికి 350 చుట్ల ప్రాంతంలో తిరగడానికి చేసినదే కనుక వేగం సరిగ్గా కుదురుతుంది. అయితే మామూలు ఫ్యానులో అయస్కాంతాలుండవు. బయటి డొల్లలోని రోటరు రింగును లేత్ మీద కోసి, ఆ చోట నియోడిమియం అయస్కాంతాలను ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా ఎపాక్సీతో అతికించాలి. లోపలి కాయిల్ 230 వోల్టులకు చుట్టినది కాబట్టి చుట్లు ఎక్కువ, తీగ సన్నం. వోల్టేజీ దండిగా వస్తుంది, కరెంటు రాదు. మందపాటి తీగతో, తక్కువ చుట్లతో మళ్లీ వైండింగు చేయిస్తేనే 12 వోల్టుల బ్యాటరీకి నప్పుతుంది. బోరు మోటార్లు, కూలర్లు ఉన్న ఈ ప్రాంతపు ప్రతి చిన్న పట్టణంలోనూ వైండింగు షాపు ఉంటుంది. ఇంటి గాలిమర విషయంలో ఈ మైదానాలకున్న అసలైన సంపద ఆ షాపుల్లోని చేతి నైపుణ్యమే. గాలి రెండో స్థానంలోకే వస్తుంది.

ఇటీవలి కాలపు బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లతో పని మరింత తేలికైంది. ఇవి 28 నుంచి 35 వాట్లతో తిరిగేవి. లోపల శాశ్వత అయస్కాంతాలు, మూడు ఫేజుల కాయిల్ ముందే ఉంటాయి. ఇవి చెడిపోయేది ఎక్కువగా ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోయి. బోర్డు తీసేసి మూడు ఫేజుల తీగలకు డయోడ్ల బ్రిడ్జి కలిపితే చిన్న జనరేటరు సిద్ధం. విద్యుత్ స్కూటర్ల హబ్ మోటారుదీ ఇదే స్వభావం, బలం ఇంకా ఎక్కువ. కాకపోతే ఇనుప కోరు ఉన్న ఈ మోటార్లలో అయస్కాంతం కోరును పట్టిలాగుతుంది. చేత్తో తిప్పితే గీతగీతకూ ఆగినట్టు తెలుస్తుంది. ఆ పట్టు విడిపించుకునేంత గాలి వచ్చేదాకా చక్రం కదలదు.

ఆ పట్టు లేనిది పిగాట్ పద్ధతి. వాహనపు హబ్బు మీద రెండు ఇనుప పళ్లేలు, ఒక్కోదానికి 12 అయస్కాంతాలు, వాటి నడుమ రెసిన్‌లో పోతపోసిన 9 కాయిళ్లు ఉంటాయి. కాయిళ్లలో ఇనుము లేదు కనుక చిన్న గాలికే చక్రం లేస్తుంది. తక్కువ గాలి ఉన్న నేలకు ఇదే ఉత్తమం. ఖర్చు మాత్రం అయస్కాంతాలకే ఎక్కువవుతుంది, అవి పాత సామాన్లలో ఒకే కొలతవి దొరకవు.

రెక్కలు, తోక

బోర్లకు, పైపులైన్లకు వాడగా మిగిలిన 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు ఇక్కడ ఇంటింటా దొరుకుతాయి. పైపు వ్యాసం రెక్క పొడవులో అయిదో వంతు ఉండాలన్నది వాడుక సూత్రం. 75 సెంటీమీటర్ల రెక్కకు ఈ పైపు సరిగ్గా ఒదుగుతుంది. పైపును నిలువునా నాలుగు బద్దలుగా చీల్చి, మొదలు వెడల్పుగా, కొస సన్నగా కోసి, ముందంచును గుండ్రంగా, వెనకంచును పలుచగా ఆకురాయితో సానపడతారు. మూడింటినీ తూచి, బరువు తేడా లేకుండా చేయాలి; కొద్ది గ్రాముల తేడా కూడా స్తంభాన్ని వణికిస్తుంది. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది, రెండు మూడు వేసవులయ్యాక పగుళ్లు చూసి మార్చాలి. చెక్క రెక్క చెక్కడం కష్టమే అయినా గాలిని బాగా పట్టుకుంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

తోక పని రెండు రకాలు. మామూలు గాలిలో చక్రాన్ని గాలికి ఎదురుగా నిలుపుతుంది. గాలి హద్దు మీరినప్పుడు మడత కీలు మీద ముడుచుకుని చక్రాన్ని పక్కకు తిప్పేస్తుంది. ఈ మడత ఏర్పాటు లేని గాలిమర ఒక్క ఈదురుగాలికే రెక్కలు విసిరేసే అవకాశం ఉంది. మూడు ఫేజుల తీగలను కిందనుంచి ఒకదానికొకటి కలిపి జనరేటరును బిగబట్టే స్విచ్చు రెండో రక్షణ. గాలి ముదరకముందే దాన్ని వేయాలి.

స్తంభం, నల్లరేగడి

గాలిమర చుట్టూ వంద మీటర్ల లోపు ఉన్న చెట్టు, ఇల్లు అన్నిటికంటే కనీసం 9 మీటర్లు పైన రెక్కలుండాలన్నది సాధారణ నియమం. చేలో మూడు మీటర్ల కర్రకు, పది మీటర్ల స్తంభానికి గాలి వేగంలో తేడా పాతిక శాతమే కావచ్చు. శక్తిలో అది రెట్టింపు. అందుకే పెద్ద రెక్కల మీద పెట్టే ఖర్చులో కొంత పైపు మీద పెట్టడం లాభం. బోర్లలోంచి తీసేసిన పాత జీఐ పైపులు దీనికి పనికొస్తాయి. అడుగున కీలు పెట్టి, నాలుగు దిక్కులా ఇనుప తీగల స్టేలు లాగి, అవసరమైనప్పుడు స్తంభాన్ని పడుకోబెట్టేలా కట్టాలి.

నల్లరేగడికి తనదైన సమస్య ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి మీటరుకు మించిన లోతు దాకా నెర్రెలిస్తుంది. వేసవిలో బిగుతుగా ఉన్న స్టే తీగ తొలకరి పడ్డాక వదులవుతుంది, లేదా మేకే ఒకవైపుకు లేస్తుంది. సరిగ్గా గాలి సీజను మొదలయ్యే జూన్‌లోనే ఇది జరుగుతుంది. మేకులను నెర్రె లోతుకు దిగువన కాంక్రీటులో పాతడం, తొలి వానల తర్వాత స్టే తీగలను బిగించే టర్న్‌బకిల్సు సరిచూడడం ఇక్కడ తప్పనిసరి.

బ్యాటరీ, తీగలు

ట్రాక్టరు నుంచి తీసిన పాత బ్యాటరీ చేతికందేదే గాని, అది ఇంజినును స్టార్టు చేయడానికి చేసినది. దానిలోని పలుచటి పలకలు రోజూ సగానికి పైగా ఖాళీ అవడాన్ని తట్టుకోలేవు. ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ, పాతదైనా, మేలు. బ్యాటరీ వోల్టేజీ 14.4 దాటాక చార్జింగు ఆగాలి. సౌర పలకను ఊరికే విడదీయవచ్చు. గాలిమరను విడదీస్తే భారం పోయిన చక్రం అదుపు తప్పి తిరుగుతుంది. అందుకని మిగులు కరెంటును హీటరు తీగలోకి మళ్లించే కంట్రోలరు కావాలి.

12 వోల్టుల వ్యవస్థలో దూరం పెద్ద శత్రువు. చేలోంచి 30 మీటర్ల దూరంలోని షెడ్డుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 5 ఆంపియర్లు పంపితే దారిలోనే 2 వోల్టులు పోతాయి. 24 వోల్టులకు మారడం పరిష్కారం. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల, మోటార్ల రాగి చోరీలు జరిగే చోట పొడవాటి తీగ వేయడం ఇంకో విధంగానూ నష్టమే.

వినియోగం: గాలి క్యాలెండరు, పంట క్యాలెండరు

ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ఇలాంటి చిన్న యంత్రాలకు విలువ పెరిగింది. ఒకప్పుడు 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగు ఇప్పుడు 9 వాట్లకు వస్తుంది. పత్తి, మిరప రైతుకు ఇంకో వాడకం బ్యాటరీ స్ప్రేయరు. వీపున మోసే రకాల్లో మామూలుగా ఉండేది 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ. అంటే 96 వాట్-అవర్లు. ఒకటిన్నర మీటర్ల గాలిమర సెకనుకు 4 మీటర్ల గాలిలో పది గంటలు తిరిగితే 130 వాట్-అవర్లు. చార్జింగు నష్టాలు పోను ఒక స్ప్రేయరు నిండుతుంది. పురుగులను పట్టే దీపపు ఎరలు, చేలోని గుడిసెలో దీపం, ఫోను చార్జింగు ఇదే కొలతలోవి.

చిక్కు ఎక్కడంటే గాలి వచ్చే నెలలు, అవసరం వచ్చే నెలలు కలవవు. పడమటి గాలి ఉధృతంగా ఉండే జూన్, జులైలలో పత్తి విత్తు అప్పుడే పడుతుంది, మిరప ఇంకా నారుమడిలోనే ఉంటుంది. మిరప నాట్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో వేశాక మందుల పిచికారీ చలికాలమంతా సాగుతుంది. పత్తి తీతలు నవంబరు నుంచి, మిరప కోతలు జనవరి నుంచి. కల్లంలో కాయ ఆరబోసి రాత్రుళ్లు కాపలా పడుకునే జనవరి, ఫిబ్రవరి నెలల్లో లోపలి మండలాల గాలి కనిష్ఠం. ఆ రోజుల్లో ఎండ మాత్రం పుష్కలం: 50 వాట్ల సౌర పలక ఒకటి రోజుకు 200 వాట్-అవర్ల దాకా ఇస్తుంది, ఏ కదిలే భాగమూ లేకుండా. కాబట్టి ఈ ప్రాంతంలో గాలిమర ఒంటరిగా కంటే సౌర పలకకు తోడుగా, మబ్బు పట్టి గాలి వీచే జూన్–ఆగస్టు నెలల లోటు పూడ్చేదిగా పనికొస్తుంది. తీర మండలాల్లో, సాయంత్రపు సముద్రపు గాలి ఉన్నచోట, దాని వాటా పెరుగుతుంది.

ఆర్థిక లాభం కంటే చదువుపరమైన ఉపయోగం పెద్దదని చెప్పాలి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టుగా ఫ్యాను మోటారును జనరేటరుగా మార్చినప్పుడు ఫేజు, ధ్రువం, నిరోధం వంటివి చేతికి తగులుతాయి. గ్రామీణ ఆవిష్కర్తలను గుర్తించి ప్రోత్సహించే సంస్థల్లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తోపాటు హైదరాబాదు కేంద్రంగా పనిచేసే పల్లె సృజన ఉంది.

ప్రమాదాలు

మొదటిది తుపాను. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపానులు బాపట్ల దగ్గరే తీరం దాటాయి. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో ఉండే శక్తి, సెకనుకు 4 మీటర్ల గాలిలో ఉండేదానికి మూడు వందల రెట్లకు పైన. దాన్ని తట్టుకునేలా పాత సామానుతో కట్టడం అసాధ్యం. హెచ్చరిక రాగానే స్తంభం దించి రెక్కలు విప్పడమే మార్గం.

రెండోది కరెంటు లైన్లు. చేల మీదుగా వెళ్లే 11 కేవీ తీగలకు స్తంభం ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో పాతాలి, లేపేటప్పుడు పక్కకు ఒరిగినా తగలకూడదు. మైదానంలో ఎత్తయిన ఇనుప గొట్టం పిడుగును పిలుస్తుంది కాబట్టి ఎర్తింగు ఉండాలి, ఉరుములప్పుడు దగ్గరకు పోరాదు. తిరిగే రెక్క కొస గంటకు 70 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. నిచ్చెన వేసుకుని దగ్గరకు వెళ్లే ముందు బ్రేకు స్విచ్చు వేసి తాడుతో కట్టాలి. పెద్ద నియోడిమియం అయస్కాంతాలు రెండు చేతిలో కలిస్తే వేళ్లు నలుగుతాయి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకపోతే షార్టయిన తీగ పత్తి నిల్వకు నిప్పు పెడుతుంది. బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి అడవి పందుల కోసం కంచెకు కరెంటు పెట్టడం మనుషుల ప్రాణాలు తీసే పని, నేరం కూడా.

చట్టం, సంస్థలు

2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పుట్టించడానికి లైసెన్సు అక్కర్లేదు. సొంత బ్యాటరీకి పరిమితమైన గాలిమరకు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)తో పని లేదు. లైనుకు కలపాలంటే మాత్రం అనుమతి, ప్రమాణాలకు తగిన పరికరాలు కావాలి. పాత సామానుతో చేసినది ఆ ప్రమాణాలను అందుకోవడం అరుదు. గాలి వనరుల అంచనా, యంత్రాల పరీక్ష చేసే కేంద్ర సంస్థ చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ. దాని పరీక్షా కేంద్రం తమిళనాడులోని కయత్తారులో ఉంది. రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన వ్యవహారాలు నెడ్‌క్యాప్ పేరుతో మొదలై ఇప్పుడు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్‌గా ఉన్న సంస్థ చూస్తుంది. ఊరి గాలి కొలతలు కావలసినవారికి దగ్గరివి బాపట్ల, ఒంగోలు వాతావరణ కేంద్రాలు. అయితే గట్టు మీది ఒక్క సుబాబుల్ వరుస ఆ కొలతను తలకిందులు చేయగలదు కనుక, స్తంభం నాటే చోటే, నాటబోయే ఎత్తులోనే, చిన్న గాలి కొలమానం పెట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా, మళ్లీ జనవరిలో నమోదు చేసుకోవడం అవసరం.